ఫోనులో బడి



ఈ రోజు ఒక తల్లి సంగతి చెప్పుకుందాం. ఆమెది వెంకటాచలం దగ్గర పల్లె అనుకోండి. భర్త లారీ తోలతాడు. ఆమె నాట్లకూ కలుపుకూ పోతుంది. కూతురికి పదమూడేళ్ళు. హైస్కూల్లో ఎనిమిదో తరగతి.

పిల్ల పెద్దమనిషి అయింది. బడికి పోవాలంటే నెల్లూరు నుంచి చెన్నై పోయే పెద్ద రోడ్డు దాటాలి. అక్కడ లారీలు ఆగవు. అత్తకు భయం. అంతలో ఊళ్ళోకి ఒకాయన వచ్చాడు. ‘‘పిల్లను బడికి పంపే పనే లేదమ్మా. ఫోనులోనే పాఠాలు వస్తాయి’’ అన్నాడు. దీన్నే ఆన్‌లైన్ చదువు అంటారు.

‘‘మంచిదే కదమ్మే! పిల్ల కళ్ళముందు ఉంటుంది. గొడ్లనూ చూసుకుంటుంది’’ అంది అత్త.

ఆఖరి మాట దగ్గర ఆమె ఆగింది. మీరూ ఆగండి. పిల్లను ఇంట్లో ఉంచేది చదువు కోసమా, గొడ్ల కోసమా?

2020 మార్చిలో కరోనా వల్ల బళ్ళు మూసేశారు. అప్పుడు ఫోనూ టీవీయే బడి. సప్తగిరి ఛానల్లో పాఠాలు చెప్పారు. ఏమీ లేనిదానికన్నా అది మేలే. కాదనకూడదు. కానీ ఆ నెలలు గుర్తుకు తెచ్చుకోండి. చాలా ఇళ్ళల్లో ఒకటే ఫోను. అది నాయన జేబులో ఉంటుంది. ఆయన రాత్రికి వస్తే ముందు అన్నకు, తర్వాత చెల్లెలికి. పిల్ల ఫోను ముందు కూర్చుంటే ‘‘నీళ్ళు పట్టుకురా’’ అని పిలుపు. బడిలో ఉన్న పిల్లను ఎవరూ అట్టా పిలవరు.

బడిలో మధ్యాహ్నం అన్నం పెడతారు. గుడ్డు పెడతారు. పుస్తకాలు ఊరికే ఇస్తారు. 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ కింద ఒక్కో బిడ్డకు 13,000 రూపాయలు ఇచ్చారు. బిడ్డ పేరు బడిలో ఉండాలి, నూటికి 75 హాజరు ఉండాలి అన్నారు. ఫోను ముందు కూర్చుంటే ఆ హాజరు ఎవరు వేస్తారు?

‘‘మరి పదో తరగతి పరీక్ష ఎట్టా?’’ అని ఆమె అడిగింది. ‘‘ఓపెన్ స్కూల్లో కట్టిద్దాం’’ అన్నాడాయన. ఓపెన్ స్కూలు మంచిదే, ప్రభుత్వానిదే. మీలో ఎవరైనా కట్టవచ్చు. పద్నాలుగేళ్ళు నిండాలి, అంతే. అయితే అది బడి పోగొట్టుకున్నవాళ్ళకు దారి. బడిలో ఉన్న పిల్లను బయటికి లాగి ఆ దారి పట్టించడం ఎందుకు? మరీ దూరమైతే కస్తూరిబా బాలికా విద్యాలయాలు ఉన్నాయి. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు చదువూ బసా ఊరికే.

మన నెల్లూరు జిల్లా దూబగుంట పేరు వినే ఉంటారు. అక్కడి ఆడవాళ్ళు రాత్రి బడిలో సారా మీద పాఠం చదివారు. పక్కపక్కన కూర్చుని చదివారు. ఒకరి బాధ ఒకరికి చెప్పుకున్నారు. 1992లో సారా మీద పోరు జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. ఆ పాఠాన్నే ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా చదివి ఉంటే?

మళ్ళీ మన తల్లి దగ్గరికి వద్దాం. బడి మానాలంటే టీసీ తీసుకోవాలి. ఆయన అర్జీ రాసి తెచ్చాడు. ‘‘ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా’’ అన్నాడు. ఆమె కాగితం చేతికి తీసుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ‘‘మా సొంత కారణాల వల్ల పిల్లను బడి మానిపిస్తున్నాము’’ అని ఉంది.

‘‘అత్తా, దీంట్లో చదువు అన్న మాటే లేదు’’ అంది.

కాగితం మడిచి తిరిగి ఇచ్చేసింది. రాత్రిపూట నాయన ఫోనులో లెక్కల పాఠం చూసుకోమని పిల్లకు చెప్పింది. సోమవారం పొద్దున అత్తే పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.