చర్మం దాచుకున్న చరిత్ర: లీష్మానిన్ పరీక్షకు వందేళ్ళు

ఈ ఏటి స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్నది చాలా చిన్న పరీక్ష. ముంజేతి చర్మంలోకి 0.1 మిల్లీలీటరు లీష్మానిన్ ద్రవం ఎక్కిస్తారు. అందులో ఉండేది చంపిన లీష్మానియా పరాన్నజీవులు. 48 నుంచి 72 గంటల తర్వాత ఆ చోట చర్మం ఎంతమేర గట్టిపడిందో కొలుస్తారు. 5 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే ఆ మనిషి ఒంట్లోకి ఈ పరాన్నజీవి ఎప్పుడో ఒకప్పుడు చేరిందని అర్థం. ఎప్పుడు చేరిందో, ఇంకా లోపల ఉందో లేదో పరీక్ష చెప్పదు. ఈ కారణం చూపే వైద్యలోకం దీన్ని చాలాకాలం చిన్నచూపు చూసింది. రోగిని పట్టుకునే సాధనంగా కాక, ఊరి గతాన్ని చదివే సాధనంగా చూసినప్పుడే దీని విలువ బోధపడుతుందని నా వాదన.

ఇసుక ఈగ కుట్టిన చోట నెలల తరబడి మానని పుండు వేసి, మానాక జీవితాంతం మచ్చ మిగిల్చే లీష్మానియా జబ్బును అలెప్పో నగరంలో అలెగ్జాండర్ రస్సెల్ 1756లోనే వర్ణించాడు. మన దేశంలో దాన్ని ఢిల్లీ పుండు అన్నారు. 1898లో తాష్కెంట్‌లో బొరోవ్‌స్కీ ఆ పుండులో ఉన్నది ఏకకణ జీవి అని గుర్తించాడు. 1903లో లీష్మన్, అప్పటి మన తెలుగు జిల్లాలకూ రాజధాని అయిన మద్రాసులో డోనవన్, లోపలి అవయవాలకు సోకే కాలా అజార్ జ్వరపు రోగుల ప్లీహంలో అదే జాతి జీవిని చూసి ప్రకటించారు. అటు బ్రెజిల్‌లో, సావో పాలో రాష్ట్రపు అడవుల్లో రైలుమార్గం వేస్తున్న కూలీలకు పుండ్లు లేచాయి. బౌరూ పుండు అని పేరు పడిన ఆ జబ్బుకు కారణం కూడా లీష్మానియాయేనని 1909లో తేలింది. అక్కడ అది కొందరిలో ఏళ్ళ తర్వాత ముక్కునూ నోటినీ తినేస్తుంది. ఆ దశలో పుండులో పరాన్నజీవులు అతి తక్కువ. సూక్ష్మదర్శినిలో ఎంత వెతికినా దొరకవు.

సావో పాలో వైద్యుడు మాంటెనెగ్రో 1926లో ప్రకటించిన ఈ చర్మ పరీక్షే ఆ ఇబ్బందికి సమాధానం. దారి అంతకుముందే క్షయ చూపింది. కోక్ 1890లో తయారు చేసిన ట్యుబర్క్యులిన్ మందుగా విఫలమైనా, 1907లో పిర్కే, 1908లో మాంటూ దాన్ని చర్మ పరీక్షగా నిలబెట్టారు. మాంటెనెగ్రో చేతిలో ముక్కు, నోరు దెబ్బతిన్న రోగుల చర్మం బలంగా స్పందించింది. పరాన్నజీవి దొరకని చోటే పరీక్ష గట్టిగా పలికింది. ఎందుకలా జరుగుతుందో తెలియడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. 1942లో లాండ్‌స్టైనర్, చేజ్ గినీ పందుల మీద చేసిన ప్రయోగాల్లో ఇలాంటి ఆలస్యపు స్పందన ఒక జంతువు నుంచి ఇంకొక జంతువుకు రక్తద్రవంతో కాక, కణాలతోనే సంక్రమిస్తుందని రుజువైంది. అంటే ముంజేతి మీద గట్టిపడేది ప్రతిరక్షకాల పని కాదు, శత్రువును గుర్తు పెట్టుకున్న కణాల పని. నా వాదనకు ఇదే పునాది.

అభ్యంతరాలు చిన్నవి కావు. పుండు లేచిన తొలి వారాల్లో పరీక్ష స్పందించకపోవచ్చు. ఒళ్ళంతా గడ్డలు కట్టే అరుదైన రూపంలో, పరాన్నజీవులు కుప్పలుగా ఉన్నా, స్పందన ఉండదు. కాలా అజార్ ముదిరిన రోగిలోనూ అంతే. నయమైన కొన్ని నెలలకు గాని చర్మం మేలుకోదు. రోగం ఉన్నవాణ్ణి వదిలేసి, కోలుకున్నవాణ్ణి పట్టుకునే పరీక్ష ఎందుకని అడగవచ్చు. వైద్యుడి గదిలో ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఈ మూడు వైఫల్యాలూ ఒకే సంగతి చెబుతున్నాయి: శరీరం పరాన్నజీవిని అదుపు చేయలేని చోట చర్మం మౌనంగా ఉంటుంది, అదుపు చేసిన చోట పలుకుతుంది. కెన్యాలో ఈ పరీక్షతో జనాన్ని పరిశీలించిన సౌత్‌గేట్, మాన్సన్-బార్ స్పందన ఉన్నవారికి కాలా అజార్ నుంచి రక్షణ ఉందని 1967లో నిర్ధారించారు. సూడాన్‌లో కాలా అజార్‌కు ఒక టీకా ప్రయోగం జరిగి, 2000లో ఫలితాలు వెలువడ్డాయి. టీకా ఆశించినంత పని చేయలేదు. అయినా చర్మం స్పందించినవారిలో జబ్బు స్పష్టంగా తక్కువగా కనబడింది. టీకా ఓడిన చోట పరీక్ష గెలవడం నాకు ఈ చరిత్రలోకెల్లా విలువైన ఘట్టంగా తోస్తుంది.

ఇప్పుడు వేలి కొసన రక్తపు బొట్టుతో నిమిషాల్లో తేల్చే ఆర్‌కె39 పరీక్ష ఉంది, పీసీఆర్ ఉంది, ఇక సూది గుచ్చి రెండు రోజులు ఆగడం దేనికి అన్నది తర్వాతి అభ్యంతరం. ఆర్‌కె39 వెతికేది ప్రతిరక్షకాలను, పీసీఆర్ వెతికేది పరాన్నజీవిని. లక్షణాలేమీ లేకుండా సోకి, తనంతట తానే తగ్గిపోయిన మనిషిలో ఆ రెండూ మిగలకపోవచ్చు. చర్మపు జ్ఞాపకం మాత్రం చాలామందిలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కణాల స్పందనను రక్తంలోనే కొలిచే పద్ధతులున్నాయి గాని, వాటికి కావలసిన ప్రయోగశాలను బిహార్ పల్లెకు మోసుకుపోలేం. ద్రవం ఒక్కో తయారీలో ఒక్కో రకంగా ఉండేదన్న ఫిర్యాదును మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నాణ్యతకు పూచీ ఉన్న తయారీ లేకపోవడం వల్లే ఈ పరీక్ష చాలా చోట్ల వాడుక నుంచి జారిపోయింది. అది తయారీ లోపం, సూత్రం లోపం కాదు. ఆ లోపాన్ని సరిదిద్దే పని మొదలైంది కూడా. కాలా అజార్‌కు కారణమైన లీష్మానియా డోనవానీ నుంచే కొత్త ద్రవాన్ని తయారు చేసిన పరిశోధన 2023లో ప్రచురితమైంది.

అదే ఏడాది బంగ్లాదేశ్ ప్రజారోగ్య సమస్యగా కాలా అజార్‌ను నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. రోగుల సంఖ్య పడిపోయిన చోట రోగులను లెక్కపెట్టి ప్రయోజనం తక్కువ. అడగవలసింది ఇసుక ఈగ ఇంకా పరాన్నజీవిని మోస్తున్నదా అని. దానికి జవాబు పిల్లల ముంజేతుల మీద ఉంటుంది. ఒక ఊళ్ళో పెద్దల చర్మం స్పందించి, పదేళ్ళలోపు పిల్లల చర్మం స్పందించకపోతే, అక్కడ వ్యాప్తి ఆ పిల్లలు పుట్టక ముందే ఆగిందన్నమాట. అయితే వారికి రక్షణ కూడా లేదు. పరాన్నజీవి తిరిగి వస్తే మొదట పడిపోయేది వారే. టీకా వచ్చిన నాడు దాన్ని ఏ ఊరికి, ఏ వయసువారికి ముందుగా వేయాలో నిర్ణయించడానికి కావలసింది సరిగ్గా ఈ లెక్కే.