తెరమీది కాగితముల పొందిక



బల్లమీద కాగితములు గుట్టగా పడియున్నచో కావలసిన కాగితము ఎప్పుడును అడుగుననే యుండును. కంప్యూటరు తెరపై గూడ ఇదియే జరుగుచున్నది. ఆంగ్ల ప్రతిని, దాని తెలుగు అనువాదమును సరిచూచువానికి ఒక విండో రెండవదానిని కప్పివేయును. మౌసుతో దానిని ప్రక్కకు లాగి మరల చదువబోవునప్పటికి కన్ను పంక్తి తప్పును. ఒక అంకె జారిపోవును. అనువాదమున అంకె తప్పిన సంగతి చదువువానికి తెలియదు. నష్టము మాత్రము వానిదే.

విండోలను పలకలవలె ప్రక్కప్రక్కనే పరచుట క్రొత్త యూహ కాదు. 1985లో వెలువడిన మైక్రోసాఫ్టు విండోస్ తొలి కూర్పు అట్లే పరచెడిది. 1987 నాటి రెండవ కూర్పుతో అవి ఒకదానిపై నొకటి పడు పద్ధతి వచ్చినది. పలకల పద్ధతిని కోరువారికై లినక్సునందు నేడు పెక్కు సాధనములు కలవు. మైఖేల్ స్టాపెల్‌బర్గ్ 2009లో ఆరంభించిన ‘ఐ3’ వానిలో నొకటి.

డెబియన్ లినక్సు గల కంప్యూటరులో ‘ఐ3’ అను ప్యాకేజీని స్థాపించి, లాగిన్ తెరపై దానిని ఎంచుకొనవలెను. పాత డెస్క్‌టాప్ చెక్కుచెదరదు. నచ్చనిచో మరల దానినే ఎంచుకొనవచ్చును. మొదటిసారి ‘విండోస్ మీటయా, ఆల్ట్ మీటయా’ అని ఐ3 యడుగును. ఎంచుకొన్న మీటతోపాటు ఎంటర్ నొక్కిన టెర్మినల్ తెరచుకొనును. ‘డి’ నొక్కిన ప్రోగ్రాము పేరు వ్రాయుటకు చోటు వచ్చును. అంకె నొక్కిన ఆ సంఖ్యగల వేరొక పనితెర వచ్చును. రెండవ విండో తెరచినంతనే మొదటిది తానే ఒదిగి చోటిచ్చును.

ఏర్పాట్లన్నియు ఒక్క ఫైలులో మామూలు అక్షరములతో వ్రాసియుండును. దానిని దిద్దుటకు ముందు ఒక నకలు దాచుకొనుట మేలు. దిద్దిన పిదప ఆ మీట, షిఫ్టు, ‘ఆర్’ కలిపి నొక్కినచో, తెరచిన పని మూతపడకుండగనే మార్పు అమలగును.

తెలుగు వ్రాయువారు ఒక్క సంగతి గమనింపవలెను. ఐ3 విండోలను సర్దునదియే గాని తక్కిన సదుపాయములను సమకూర్చునది కాదు. తెలుగు మీటలకై ‘ఐబస్’ వాడువారికి అది తనంతట ఆరంభము కాకపోవచ్చును. అట్లయినచో దానిని ఆరంభించు పంక్తిని ఆ ఫైలులో తామే చేర్చుకొనవలెను.

కార్యాలయపు యంత్రమున అనుమతి లేనిదే దీనిని స్థాపింపరాదు. ఇంటి కంప్యూటరులో, తొందర లేని సెలవునాడు, మొదట నాలుగు మీటలతో ఆరంభింపవచ్చును. కొన్నాళ్లు చేయి మౌసుకై వెదకును. పిదప రెండు ప్రతులును ఎదుట కదలక నిలుచును. కన్ను పంక్తివెంట పంక్తి నడచును.