పాల కేంద్రం వరుసలో నేర్చుకోవలసినవి
(నగరంలో పాల సంఘాల సభ్యుల సమావేశమందు సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగం)



సంఘానికి ఏదైనా సౌకర్యం కావలసి వస్తే మనం ముందు పక్క ఊరి సంఘంలో ఏముందో విచారిస్తాం. అంతకంటె ముందు చూడవలసినది మన సభ్యులు రోజూ పని చేసే తీరు. ఎక్కడ అవస్థ ఉన్నదో వారి చేతులే చెబుతాయి.

ఇందుకు మన తెలుగువారిలోనే తార్కాణం ఉన్నది. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం గారు, తల్లి లక్ష్మి గారు ఆసు పోయడం చూస్తూ పెరిగారు. ఒక్క పట్టుచీరెకు సుమారు 9 వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడాలి. భుజం నొప్పితో ఆమె పడే బాధ ఆయన చూశారు. పెద్ద చదువులు లేకపోయినా, ఆ చేతి కదలికనే యంత్రానికి నేర్పారు. 1999లో అది పూర్తయింది. తల్లి పేరిట 'లక్ష్మి ఆసు యంత్రం' అని పిలిచారు. 2017లో పద్మశ్రీ లభించింది.

మేము తనిఖీకి వెళ్లినప్పుడు రిజిస్టర్లతోపాటు పాలు పోసే వరుసను కూడా గమనిస్తున్నాము. వేసవి సాయంత్రం మనుషులు నీడలో నిలబడి, వరుస తప్పకుండా క్యాన్లను ఎండలో పెడతారు. క్యాన్లు పెట్టవద్దని బోర్డు రాస్తే ప్రయోజనం లేదు. పందిరి క్యాన్ల మీదికి జరపాలి. ఒక్కరి పాలు విరిగినా, కలిసిన పాలన్నీ చెడి నష్టం అందరికీ వస్తుంది.

ఆడవారు క్యాను పిడికి కొంగు చుట్టి పట్టుకుంటారు. సన్నని తీగ చేతిని కోస్తున్నదన్నమాట. కడగడానికి వీలైన లావుపాటి గొట్టం తొడిగితే చాలు. వెన్న శాతం చూడటానికి సభ్యులు మెడ చాచి తొంగి చూస్తారు. అంకెలు వారివైపు తిరిగి ఉంటే అనుమానానికి తావుండదు. అనుమానం పెరిగితే ఆ పాలు బయటి వ్యాపారికి పోతాయి.

కనుక మా మనవి ఒక్కటే. పాలకవర్గ సభ్యులు వంతులవారీగా ఒక వారం రెండు పూటలా కేంద్రంలో కూర్చోండి. ఎవరికీ సలహా చెప్పకుండా చూచినది రాసుకోండి. మీరు గ్రహించినది సరియో కాదో పాలు పోసేవారినే అడగండి. ఆ తరువాతనే సంఘం సొమ్ము ఖర్చు చేయండి.