ఉన్నత పాఠశాల గడప దాటి: కళాశాల విద్యకు సన్నాహము, గ్రామ గ్రంథాలయ ధర్మము

(రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



గ్రామ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండుట పండుగయే. అయితే పండుగనాడు ఇంటి బిడ్డల యోగక్షేమములు విచారించుట మన పెద్దల ఆచారము. సాయంకాలము గ్రంథాలయపు బల్లల ముందు కూర్చుండు పాఠకులలో అనేకులు ఉన్నత పాఠశాల విద్యార్థులే. వారు పదవ తరగతి ముగించి కళాశాల గడప త్రొక్కుటకు ఎట్టి సన్నాహము వలయును? అందు పాఠశాల చేయగలది ఎంత? ఊరు చేయవలసినది ఎంత? ఇదియే నేటి ప్రసంగ విషయము.

విజయవాడవద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియైన పిదప కాలువలు పారి డెల్టా పొలములు పండినవి. గింజలు ఇంటికి వచ్చిన తరువాత చదువుమీద కోరిక పుట్టుట సహజము. కాని కళాశాల మాత్రము చాలకాలము దూరముననే యుండెను. మచిలీపట్టణమున 1843లో స్థాపింపబడిన నోబుల్ పాఠశాల పిమ్మట కళాశాలయై ఈ ప్రాంతపు తొలి తరములకు ఉన్నత విద్య నొసగెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో బెజవాడయందే ఆరంభమైనను కొలది యేండ్లలోనే వాల్తేరునకు తరలిపోయెను. విజయవాడలో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల 1937లో వెలసెను. గుడివాడలో 1950లోను, విజయవాడ లయోలాలో 1954లోను కళాశాలలు నడువసాగెను. స్త్రీల కొరకు మేరిస్ స్టెల్లా కళాశాల 1962లో ఏర్పడెను. 1977లో బందరు రోడ్డు ప్రక్కన కానూరులోనే సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల ప్రారంభమయ్యెను.

ఈ బందరు రోడ్డుమీదనే విజయవాడకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున కంకిపాడు కలదు. డాక్టరు కానూరి లక్ష్మణరావు 1902లో ఆ గ్రామమున జన్మించిరి. తొమ్మిదవ యేటనే తండ్రి గతించెను. పాఠశాలలో ఆటలాడుచుండగా తగిలిన దెబ్బవలన ఒక కంటి చూపు పోయెను. ఆయన విజయవాడలో ఉన్నత పాఠశాల చదువు ముగించి, ఇంటర్మీడియేటుకు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకును, ఇంజనీరింగునకు గిండీకిని పోయిరి. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందిరి. నాగార్జునసాగర్ నిర్మాణమున పాలుపంచుకొని, విజయవాడనుండి లోకసభకు ఎన్నికై, కేంద్రమున నీటిపారుదల మంత్రిగా పనిచేసిరి. తండ్రి లేని పల్లెటూరి బాలుడు ఇంజనీరగుటకు నాడు మద్రాసుదాక పోవలసివచ్చెను. నేడు కంకిపాటి బాలునకు ఇంజనీరింగు కళాశాల సైకిలు ప్రయాణపు దూరముననే యున్నది.

అయినను ఆ బాలుడు అందులో ప్రవేశించునని చెప్పగలమా? దారి దగ్గరయైన మాట నిజమే. ద్వారమున మాత్రము నేడు అనేక పరీక్షలు, దరఖాస్తులు, గడువులు, రుసుములు నిలిచియున్నవి. కానూరు, యనమలకుదురు, తాడిగడప, పోరంకి కలిసి 2021లో పురపాలక సంఘమయ్యెను. పేరునకు పట్టణమైనను అక్కడి పరిషత్ ఉన్నత పాఠశాలలలో చదువువారిలో కూలిపని చేయువారి బిడ్డలు, కౌలురైతుల బిడ్డలు, ఆటో నడుపువారి బిడ్డలు పెక్కురు. కలిగినవారి పిల్లలు ప్రైవేటు పాఠశాలల బస్సులెక్కి పోవుదురు. 1980ల తరువాత విజయవాడ ఇంటర్మీడియేటు శిక్షణకు ఆంధ్రదేశమంతటను పేరుపొందెను. దూరపు జిల్లాలనుండి సైతము పిల్లలు వచ్చి ఇక్కడి హాస్టళ్ళలో చదువుదురు. ఆ హాస్టళ్ళ గోడప్రక్కనే యున్న పరిషత్ పాఠశాల విద్యార్థికి మాత్రము పదవ తరగతి తరువాత ఏమి చదువవలెనో చెప్పువారు అరుదు.

ఆ విద్యార్థికి కలుగు ఇబ్బందులు మూడు విధములు.

మొదటిది పునాదికి సంబంధించినది. మన రాష్ట్రమున 1969 ప్రాంతమున పది సంవత్సరముల పాఠశాల చదువు, రెండు సంవత్సరముల ఇంటర్మీడియేటు అను పద్ధతి ఆరంభమయ్యెను. పదవ తరగతి వరకు గణితము అందరికిని ఒక్కటే. ఇంటర్మీడియేటులో అది ఒక్కసారిగా లోతగును. భిన్నములు, బీజగణితము, జ్యామితి ఎనిమిది, తొమ్మిది తరగతులలో గట్టిపడకున్న యెడల, పదవ తరగతిలో గైడు పుస్తకము వల్లించి మార్కులు పొందినను, తరువాతి యేట కాలు జారును. మార్కులకును చదువునకును గల భేదము అప్పుడుగాని ఇంటివారికి తెలియదు.

రెండవది భాష. త్వరణమనగా నేమో చక్కగా నెరిగి, లెక్క చేసి చూపగల బాలిక, కళాశాలలో ‘ఎక్సలరేషన్’ అను మాట విని తెల్లబోవును. ఆమెకు విషయము తెలియును, పేరు తెలియదు. అందరును నవ్వుదురేమోనని అడుగుటకు సంకోచించి, తనకే చదువు రాదని నిర్ణయించుకొనును. ఇట్లు వెనుకబడిన తెలివైన పిల్లల కథలు ప్రతి గ్రామమునను కలవు. 2020 తరువాత ఒకప్రక్క తెలుగును, ఎదుటి పుటలో ఇంగ్లీషును గల ద్విభాషా పాఠ్యపుస్తకములు ప్రభుత్వ పాఠశాలలకు వచ్చినవి. రెండు పుటలను కలిపి చదువు అలవాటు చేసినచో ఈ బెదురు చాలవరకు పోవును.

మూడవది సమాచారము. ఇది తక్కిన రెండింటికంటె తేలికగా తీరునది. తీరక పోవుటవలన కలుగు నష్టము మాత్రము పెద్దది. ఎనిమిదవ తరగతిలో జరుగు జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్షనే చూడుడు. ఇది ప్రభుత్వ, పరిషత్, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలకు ఏర్పడినది. తలిదండ్రుల వార్షికాదాయము మూడున్నర లక్షలకు మించరాదు. మేధాశక్తిపై 90 ప్రశ్నలు, పాఠ్యాంశములపై 90 ప్రశ్నలు ఉండును. ఎన్నికైనవారికి తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియేటు చివరివరకు ఏటికి 12,000 రూపాయలు, అనగా నాలుగేండ్లకు 48,000 రూపాయలు లభించును. ఎనిమిదవ తరగతి దాటిన పిమ్మట ఈ అవకాశము మరల రాదు. ఆదాయ ధ్రువపత్రము వేళకు తెచ్చుకొనక పోవుటచే ఒక బిడ్డ దీనిని పోగొట్టుకొనుట న్యాయమా?

అట్లే నూజివీడున 2008లో స్థాపింపబడిన ట్రిపుల్ ఐటీయందు పదవ తరగతి మార్కులనుబట్టి ఆరేండ్ల ఇంజనీరింగు చదువునకు ప్రవేశము లభించును. ప్రభుత్వపు వసతిలేని పాఠశాలలలో చదివినవారికి మార్కులపై నాలుగు శాతము అదనముగా కలుపు నియమము అందు కలదు. పరిషత్ పాఠశాల చదువు ఇచ్చట లోపముగా గాక అర్హతగా లెక్కకు వచ్చుచున్నది. గుడివాడ ప్రాంతపు నిమ్మకూరులో ప్రభుత్వ గురుకుల జూనియర్ కళాశాల కలదు. దానికి వేరొక ప్రవేశ పరీక్ష యుండును. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష వ్రాసి మూడేండ్ల డిప్లొమా పొందినవారు, మరియొక పరీక్ష ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరమునకు నేరుగా పోవచ్చును. ఈ మార్గములన్నియు వేసవి రెండు మూడు నెలలలోనే తెరచుకొని మూసుకొనును. ఆ నెలలలో పాఠశాలకు సెలవులు. సందేహము తీర్చుకొనదలచిన పిల్లవాడు అప్పుడు ఎవరి వాకిట నిలువవలెను?

గ్రంథాలయపు వాకిటనే నిలువవలెను. ఆంధ్ర గ్రంథాలయోద్యమము పుట్టినది మన విజయవాడలోనే గదా! 1911లో రామమోహన గ్రంథాలయము ఏర్పడినది. 1914లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్య తన జీవితమును ఆ యుద్యమమునకు ధారవోసిరి. పాతూరి నాగభూషణము 1935లో కృష్ణా కాలువపై పడవలో పుస్తకములను ఊరూరికి నడిపిరి. పాఠకుడు రాలేనిచో పుస్తకమే అతనికడకు పోవలెననునది ఆ మహనీయులు ఆచరించి చూపిన ధర్మము. నేడు పుస్తకముతోపాటు వార్తయు పోవలెను.

ఇందులకు పెద్ద ధనము అక్కరలేదు. గుమ్మమువద్ద ఒక నల్లబల్ల యుంచి, ఏ పరీక్షకు ఏ తేదీలోగా దరఖాస్తు చేయవలెనో, ఏ పత్రములు వలయునో పెద్ద అక్షరములతో వ్రాయవలెను. గత వత్సరముల ప్రశ్నపత్రములను కుట్టించి బల్లపై నుంచవలెను. ఇంటర్మీడియేటు పూర్తిచేసినవారు తమ పుస్తకములను ఒక బీరువాకు ఇచ్చిపోవు వాడుక ఏర్పరచినచో, వెనుక వచ్చు పేద విద్యార్థికి కొనుగోలు భారము తప్పును. శాస్త్ర పదములకు తెలుగు, ఇంగ్లీషు పేర్లు ఎదురెదురుగా వ్రాసిన పట్టికను పిల్లలచేతనే సిద్ధము చేయింపవచ్చును. కళాశాలలలో చదువుచున్న ఊరి యువకులు, యువతులు సెలవులకు వచ్చినపుడు ఒక ఆదివారము కూర్చుండి తమకు కలిగిన చిక్కులను చెప్పినచో, అది వంద కరపత్రములకంటె మేలు.

ఆడపిల్లల విషయము ప్రత్యేకముగా తలపవలసి యున్నది. చదువుకొనుటకు ఇంటిలో మూల దొరకక, చీకటిపడినచో బయటికి రాలేక, పదవ తరగతితోనే ఆగిపోయిన బాలికలు గ్రామములందు నేటికిని కలరు. పగటివేళ వారికై ఒక బల్లయు, రెండు గంటల కాలమును కేటాయించుట గ్రంథాలయ కార్యవర్గమునకు కష్టము గాదు. కూతురు బస్సెక్కి కళాశాలకు పోవుటకు వెనుకాడు తండ్రితో మాటలాడుటకు ఊరి పెద్దలలో నొకరు ముందునకు రావలెను. ఒక్కొక్కప్పుడు ఆ ఒక్క సంభాషణయే ఒక జీవితమును నిలుపును.

తప్పినవారిని మరువరాదు. ఔషధ పరిశోధనలో ప్రపంచఖ్యాతి గాంచిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి మూడవమారు నెగ్గిరి. నాడు ఇంటివారు విసిగి చదువు మాన్పించియున్నచో ఆ వైద్యశాస్త్రజ్ఞుడు లోకమునకు దక్కియుండునా? నేడు తప్పినవారికి అదే వేసవిలో మరల పరీక్ష వ్రాయు వీలున్నది. ఫలితములు వచ్చిన దినమున నెగ్గినవారి ఇంటికి అందరును పోవుదురు. తప్పిన పిల్లవాని ఇంటికి పోయి, పుస్తకము చేతికిచ్చి, “రేపు సాయంత్రము గ్రంథాలయమునకు రమ్ము, బాబూ” అని పిలుచువారు ఇద్దరు చాలును.

ఉపాధ్యాయుడు పాఠము చెప్పును. తల్లిదండ్రులు కడుపు కట్టుకొని పంపుదురు. ఈ రెంటికిని నడుమనున్న ఖాళీని పూరించుట ఊరి పని. ఇరువదియైదేండ్లుగా వార్తాపత్రికలు, నవలలు, పురాణములు అందించిన ఈ గ్రంథాలయము, వచ్చు వేసవినుండియే ఆ నల్లబల్లను గుమ్మమువద్ద నిలుపుగాక! స్వర్ణోత్సవ సభనాటికి ఈ బల్లలముందు చదివిన పిల్లలే వేదికపై ఉపన్యసింతురుగాక!