ఆశ్రయంతో ఆగిపోకండి

సోషల్ వర్క్, నర్సింగ్ పట్టాలు అందుకున్న మీకు మనసారా అభినందనలు.

హైదరాబాద్‌లో గడ్డిఅన్నారానికి దగ్గర్లోనే, సరూర్‌నగర్‌లో, ఆరో నిజాం కాలంలో అనాథ పిల్లల కోసం వెలిసిన విక్టోరియా మెమోరియల్ హోమ్ ఉంది. దిక్కులేని పిల్లలకు నూరేళ్ల కిందటే నీడ దొరికిన చోటు ఇది. కన్నబిడ్డల చేతిలో దెబ్బలు తిన్న పెద్దలకు నీడనిచ్చే పని ఇప్పుడు మీది.

కొట్టారని వాళ్లు చెప్పరు. జారిపడ్డామంటారు. కొడుకు మీద కేసు పెడితే పరువేం కానంటారు. వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి విడిగా మాట్లాడండి. పింఛను ఎవరు తీసుకుంటున్నారో, ఏ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారో అడగండి.

ఆశ్రమంలో మంచం, అన్నం, మందులు కావాలి. కానీ కొట్టినవాళ్లు ఇంట్లో ఉండిపోయి, దెబ్బలు తిన్నవాళ్లే గడప దాటడం న్యాయం కాదు. మనమిచ్చే ఆశ్రయం వాళ్ల హక్కును మింగేయకూడదు.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చంటుంది. పోషణ కోసం ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి కూడా చూపింది. పెద్దలు వెళ్లలేకపోతే, వాళ్లు అధికారమిచ్చిన వ్యక్తి గానీ సంస్థ గానీ దరఖాస్తు పెట్టవచ్చు. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని వదిలేస్తే, పెద్దలు కోరితే ఆ దస్తావేజును ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కొడుక్కి రాసిన గిఫ్ట్ డీడ్‌ను రద్దుచేసి, ఆస్తి ఆమెకు అప్పగించమంది. 2005 నాటి గృహహింస చట్టం భార్యకే కాదు, తల్లికీ రక్ష. సాయం కోసం 14567 నంబరు ప్రతి గోడమీదా రాసిపెట్టండి.

కొడుకొచ్చి కాళ్లు పట్టుకోగానే రాజీ కుదిర్చి ఆ పూటే పంపేయకండి. ఎవరిని కలవాలో, ఎప్పుడు వెళ్లాలో ఆ పెద్దలే తేల్చుకోవాలి. వెళ్తామంటే ఆపకండి. చేతిలో ఫోన్, దస్తావేజుల నకళ్లు పెట్టి, వారం తిరక్కుండా వెళ్లి చూసి రండి. ఉంటామంటే, భారమన్న మాట వాళ్ల చెవిన పడనీయకండి.

మీ పట్టాకున్న బలం ఆ పెద్దలకు అండగా నిలవాలి. వాళ్లు భయం లేకుండా బతికేలా చూడండి.