దొంగతోవకు తోడు కావద్దు

 

కోతల కాలంలో ఖమ్మం జిల్లా చేలల్లో మిర్చి ఏరేందుకు ఛత్తీస్‌గఢ్ కూలీలు భద్రాచలం అడవులు దాటి వస్తారు. వాళ్లను తీసుకొచ్చేది మేస్త్రీ, కట్టి ఉంచేది అతనిచ్చిన అడ్వాన్సు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా మిర్చి చేల నుంచి బీజాపూర్‌కు నడిచి బయల్దేరిన 12 ఏళ్ల బాలిక ఇల్లు చేరకుండానే కన్నుమూసింది. దేశం లోపల వలస నేరం కాదు. అయితే ఇక్కడ కూలీని కట్టేసే అప్పు, మధ్యవర్తి మీది నమ్మకమే సరిహద్దులు దాటించే దొంగరవాణాకూ పెట్టుబడి.

చదువుకున్నవారూ ఇలాంటి ఉచ్చుల్లో చిక్కుతున్నారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం వీసా మోసం కేసులో మూతపడితే దిక్కుతోచక నిలిచినవారిలో ఎందరో తెలుగు విద్యార్థులు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు బిగించారు. 2019 జనవరిలో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ వ్యవహారం మరీ చేదు. అది అమెరికా అధికారులే వల పన్ని నడిపిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. డబ్బు తీసుకుని తోటివారిని అందులో చేర్పించారన్న కేసులో అరెస్టయిన 8 మందీ తెలుగు యువకులే.

2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ కొలువులని నమ్మించి యువకులను కంబోడియా చేర్చి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠా అది.

సక్రమమైన దారిలో వీసాకు ఆలస్యమవుతుంది, ఇంట్లో అప్పుకు వడ్డీ ఆగదు. ఆ తొందరనే ఏజెంటు సొమ్ము చేసుకుంటాడు.

ఈ మోసాలను తగ్గించే మార్గాలున్నాయి. 1983 వలసల చట్టం ప్రకారం విదేశీ కొలువులకు పంపే ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. ఆ వివరం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో దొరుకుతుంది. అతను తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలు చూపుతుంది. దొంగదారిన తరలివెళ్లినందుకే మనిషిని శిక్షించరాదని వలసదారుల దొంగరవాణాపై 2000 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం చెబుతోంది. ఊరూ అతన్ని దోషిగా చూడకూడదు; మోసపోయి తిరిగొచ్చినవాడిని ఎగతాళి చేస్తే ఏజెంటు పేరు పోలీసుల దాకా వెళ్లదు.

పట్టభద్రులారా, ఊళ్లో ఎవరైనా పాస్‌పోర్టు పట్టుకుని సలహాకు వస్తే, డబ్బు కట్టకముందే ఏజెంటు లైసెన్సు చూసిపెట్టండి. విజిట్ వీసా మీద పనికి వెళ్లవద్దని గట్టిగా చెప్పండి. కమీషన్‌కు ఆశపడి ఒక్క స్నేహితుడినైనా ఏజెంటు చేతికి అప్పగించకండి.