తిరువల్లిక్కేణి పెద్ద మసీదు
(సంఘ సభ్యుల సమావేశమునందు ఒక వర్తక సోదరుడు చేసిన ప్రసంగ పాఠము)



మన మధురనుండి వర్తకపు పనిమీద చెన్నపట్టణమునకు పోని కుటుంబము అరుదు. ఎగ్మూరులో రైలు దిగుదుము. షావుకారుపేటలో సరకు బేరమాడుదుము. రాత్రి బండికి మరలి వత్తుము. ఎన్నిమారులు పోయినను ఆ పట్టణమును చూచినవారము కాము. ఈసారి పోయినప్పుడు ఒక సాయంకాలము మిగుల్చుకొని, తిరువల్లిక్కేణి పెద్ద మసీదును, దాని చుట్టుపట్ల వీథులను చూచి రండని చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

తిరువల్లిక్కేణి యనగా పవిత్రమైన కలువల కొలను. ఆ కొలని యెదుటనే పార్థసారథిస్వామి కోవెల యున్నది. పల్లవరాజు దంతివర్మ కాలపు శాసన మిందు గలదు. ఇచ్చటి మూలవిరాట్టునకు వేంకటకృష్ణుడని పేరు. స్వామిని సేవించుకొని, ఆ వీథులవెంట కొంతదూరము నడచినచో హైరోడ్డున పెద్ద మసీదు కానవచ్చును.

ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా చేపాకమున 1768 లో మహలు కట్టించుకొనెను. ఆయన కుటుంబమువారు 1795 లో ఈ మసీదును నిర్మించిరి. ఇది బూడిదవన్నె రాతి కట్టడము. దీనికి కొయ్యగాని యినుముగాని వాడలేదని చెప్పుదురు. ఇరుప్రక్కల రెండు మినారులు, యెదుట విశాలమైన ముంగిలి. ఆ వీథి రొదనుండి లోపల అడుగిడగానే చెవులకు విశ్రాంతి కలుగును. ఆ ఆవరణమునందే లక్నోనుండి వచ్చిన మహాపండితుడు అబ్దుల్ అలీ బహ్రుల్ ఉలూమ్ సమాధియు, 1972 లో దివంగతులైన కాయిదే మిల్లత్ ఇస్మాయిల్ గారి సమాధియు నున్నవి.

లోపల రాతిపై చెక్కిన పారసీక లేఖన మొకటి గలదు. దానిలోని యక్షరముల విలువలను కూడినచో 1209 వచ్చును. అది మసీదు కట్టిన హిజరీ సంవత్సరము. మన పూర్వులు శాసనములందు చంద్రుడన్న 1, నేత్రములన్న 2 అని సంవత్సరములను పదములలో పొదిగినట్లే యిదియు నొక విద్య. దానిని రచించినవాడు నవాబు కొలువులోని రాజా మఖన్ లాల్ అను హిందువు. దేవుని మందిరమున తేదీ వ్రాయుటకు ఆ నవాబు కుటుంబము కవి కులము నడుగలేదు. భాష తెలిసినవాని చేతికి కలము నిచ్చెను.

వర్తకులము గనుక ఇంకొక లెక్కయు చూతము. ఆ నవాబు తెల్లదొరలవద్ద చేసిన యప్పులు లోకప్రసిద్ధములు. 1801 లో కర్ణాటక రాజ్యాధికారము కంపెనీవారి పాలయ్యెను. 1855 తో నవాబు పదవి ముగిసెను. పిమ్మట మహలు ప్రభుత్వ హస్తగతమయ్యెను. తమకై కట్టుకొన్న మహలు పోయినది. పదిమందికై విడిచిన ముంగిలి నిలిచినది.

రంజాను మాసమున సాయంకాలము పోయినవారి కింకొక దృశ్యము లభించును. 1947 నాటి దేశవిభజనమున సింధు విడిచివచ్చిన హిందువుల సంస్థ యొకటి, సూఫీదార్ అను పేరుగలది, అనేక సంవత్సరములుగా ఉపవాసులకు శాకాహారము వండి తెచ్చి, తలపై టోపీలు ధరించి స్వయముగా వడ్డించుచున్నది. వడ్డించువారి యింటిభాష సింధీ. తినువారిది ఉర్దూ, లేదా తమిళము. అన్నపుపళ్ళెము చేతులు మారుటకు దుబాసీతో పనిలేదు. ఇల్లు పోగొట్టుకొని వచ్చినవారే యొరులకు విస్తరి వేయుచుండగా చూచి నాకు కన్నులు చెమర్చినవి.

ఆ పేటలో మనవారి జాడయు నున్నది. 1852 లో అచ్చట తమిళ బాలుర కొక పాఠశాలయు, తెలుగు బాలుర కొక పాఠశాలయు వెలసి, పిమ్మట రెండును ఏకమై నేటి హిందూ పాఠశాల యాయెను. కోవెల, మసీదు, బడి అన్నియు నొక నడకలోనివే.

పోవువారికి రెండు మాటలు. శుక్రవారము మధ్యాహ్నము ప్రార్థనవేళ, అప్పుడు పోవలదు. చెప్పులు వెలుపల విడువవలెను. లోపలిభాగమునకు పోదలచినవారు, ముఖ్యముగా స్త్రీలు, ముందుగా అచ్చటివారి నడిగి పోవుట మర్యాద. తిరుగు దారిలో భారతి సాలై కాలిబాటమీది పాతపుస్తకములను, జాంబజారును చూడవచ్చును.

సోదరులారా! నాయకరాజుల కాలమునుండి మధురలో నిలిచిన మనలను గూడ ఎవరైన 'వచ్చినవా' రన్నచో మన మనసు నొచ్చును. అట్టి మనమే పొరుగు మసీదువారిని గూర్చి యామాట అనుట న్యాయమా? చేతిఫోనులో వచ్చిన వదంతితో పొరుగువానిని కొలువకుడు. వాని ముంగిలిలో నొక గడియ నిలిచి చూడుడు. మీ పిల్లలను గూడ వెంట తీసికొనిపొండు.